మామయ్య కోత పెట్టిన స్టార్ వార్స్

మా కోనసీమలో ఒకే సినిమాను అందరూ ఒకేలా చూశారని చెప్పడానికి వీల్లేని కాలం ఒకటి ఉండేది. పెద్ద ఊళ్లలో విడుదలైన సినిమా పాలకొల్లులోనూ నరసాపురంలోనూ ఆడి, ఆ తరువాత ఇనుప బాక్సుల్లో పంటు ఎక్కి, వశిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి ఆ ఫిల్ము ఎందరో ఆపరేటర్ల చేతులు మారి ఉండేది. తెగిన ప్రతిచోటా ఆపరేటరు రెండు కొసలనూ బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటు రాసి అతికేవాడు. అతికిన ప్రతిసారీ కొన్ని ఫ్రేములు పోయేవి. సెకనుకు 24 ఫ్రేములు నడిచే బొమ్మలో ఒక డజను ఫ్రేములు పోతే అర సెకను పోయినట్టే కనుక, కథానాయకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట మింగేసి పక్క మాటలోకి దూకేవాడు. అది చాలక, మొదటి ఆట చూసి ఆఖరి పంటు అందుకోవలసిన ప్రేక్షకులు ఎక్కువగా ఉన్న రోజున ఒక పాటను పూర్తిగా ఎత్తేసేవారు. ఆ పాట సినిమాలో ఉందని రాజోలులో చూసినవాడూ, లేనే లేదని మా ఊళ్లో చూసినవాడూ కాలువ గట్టు మీద గంటలకొద్దీ వాదించుకునేవారు. ఇద్దరూ నిజమే చెప్పేవారు.

అందుచేత, అభిమానులు తమకు ఇష్టమైన సినిమాను తామే మళ్లీ కత్తిరించి, అతికి, సొంత కూర్పులు తయారు చేసుకుంటారని చాలా ఏళ్ల తరువాత చదివినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. ఆ కూర్పులకు చాలా ఎక్కువగా లోనైన సినిమాల్లో అమెరికా వారి అంతరిక్ష చిత్రం స్టార్ వార్స్ ఒకటని తెలిసినప్పుడు మాత్రం నవ్వు వచ్చింది. ఎందుకంటే ఆ సినిమాను నేను మొట్టమొదట చూసిందే ఒక అభిమాని కూర్పులో. ఆ అభిమాని మా చిన్నమామయ్య.

1980ల మధ్యలో మా పెద్దమ్మ కొడుకు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన సామానులో ఒక వీడియో డెక్కు, దానితోపాటు కొన్ని కేసెట్లు ఉండేవి. ఆ రోజుల్లో మా వైపు గల్ఫ్ సామాను దిగిందంటే వీధిలో సగం మంది ఆ ఇంటి అరుగు మీదే ఉండేవారు. కేసెట్లలో ఒకటి స్టార్ వార్స్. అది దుకాణంలో కొన్నది కాదు. అక్కడి టీవీలో సినిమా వస్తుండగా ఎక్కించుకున్నది. బొమ్మ అడుగున అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుచుకుని ఉండేవి. సినిమా మొదట్లో పసుపు అక్షరాలు ఆకాశంలోకి పాకిపోయే భాగం సగానికి పైగా పోయింది, మా అన్నయ్య రికార్డు మీట నొక్కడం ఆలస్యమైంది కాబోలు. కథ మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగి, మసీదు చిత్రమూ దాని వెనుక అజాన్ పిలుపూ వచ్చి, అది ముగిశాక యుద్ధం మళ్లీ మొదలయ్యేది. అది సినిమాలో భాగం కాదని మాకెవరూ చెప్పలేదు, మేమెవరినీ అడగలేదు. పోరాటం మధ్యలో అందరూ ప్రార్థనకు ఆగారనే మేము అనుకున్నాము, ఆ ఊహ కథకు చక్కగా సరిపోయింది కూడా.

ఆ టేపులో మాకు తెలియని లోపాలు ఇంకా ఉన్నాయి. స్టార్ వార్స్ వెడల్పాటి స్కోపు చిత్రం. దానిని ఆనాటి చదరపు టీవీ తెరకు పట్టించడానికి ఇరువైపులా కోసివేస్తే నూటికి 40 పాళ్లకు పైగా బొమ్మ పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒకరే కనబడతారు. పైగా గల్ఫ్‌లోనూ మన దేశంలోనూ ఉన్న పాల్ పద్ధతి టీవీ సెకనుకు 25 ఫ్రేములు నడుపుతుంది కాబట్టి, 24 చొప్పున తీసిన సినిమా అందులో నూటికి నాలుగు పాళ్లు వేగంగా పరిగెత్తి, 121 నిమిషాల చిత్రం 116 నిమిషాలలోనే ముగుస్తుంది, సంగీతం శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. చాలా ఏళ్ల తరువాత అదే చిత్రాన్ని దాని అసలు వేగంతో చూసినప్పుడు నటులందరూ భోజనం చేసి వచ్చి మాట్లాడుతున్నట్టు నాకు మందకొడిగా తోచింది.

చిన్నమామయ్యకు మలికిపురంలో ఫోటో స్టూడియో ఉండేది. 1990 ప్రాంతంలో ఆయన పెళ్లిళ్ల వీడియోల్లోకి దిగి, వెనుక గదిలో మిక్సింగ్ పెట్టాడు. మిక్సింగ్ అంటే రెండు డెక్కులు, రెండు టీవీలు, ఒక చిన్న పెట్టె. ఒక డెక్కులో టేపు నడుస్తుంటే రెండవ దానిలో కావలసిన చోట ఎక్కించుకోవడం, అక్కర్లేని చోట పాజ్ నొక్కి పట్టుకోవడం. ప్రతి అతుకు దగ్గరా బొమ్మ ఒకసారి వంగి, ఇంద్రధనుస్సు రంగుల చారలు కిందికి జారిపోయేవి. ఖరీదైన డెక్కులలో అతుకు చోట పాత బొమ్మను శుభ్రంగా చెరిపే హెడ్డు ఒకటి అదనంగా ఉంటుందట. మామయ్య దగ్గర ఉన్నవి ఖరీదైనవి కావు. జీలకర్ర బెల్లం నుంచి మంగళసూత్రానికి వెళ్లే ప్రతి పెళ్లి టేపులోనూ ఆ చారలు మా వైపు ఇళ్లలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

సంక్రాంతికి ఊళ్లో వీడియో షో వేయడం ఆనవాయితీ. అద్దెకు తెచ్చిన కలర్ టీవీని రామాలయం అరుగు మీద బల్లపై నిలబెట్టి, తెల్లవార్లూ మూడు నాలుగు సినిమాలు వేసేవారు. ఒక ఏడు మామయ్య ధైర్యం చేసి రెండవ సినిమాగా స్టార్ వార్స్ పెట్టాడు. పెద్ద ఓడ తలపై నుంచి వెళ్లినంతసేపూ జనం నోరు తెరుచుకుని చూశారు గాని, తరువాత రెండు యంత్రాలు, అంటే రోబోలు, ఎడారిలో పడి నడవడం మొదలుపెట్టాక వెనుక వరుసల్లో గొణుగుడు మొదలైంది. “హీరో ఎప్పుడొస్తాడండీ?” అని ఒకాయన అడిగేశాడు. ఆ చిత్రంలో కథానాయకుడు కనబడాలంటే పావుగంట దాటాలి. తెలుగు సినిమాకు అలవాటు పడ్డ జనానికి అది సామాన్యమైన నిరీక్షణ కాదు. అరగంట తిరక్కముందే కేసెట్టు మార్చవలసి వచ్చింది.

మామయ్య దానిని అవమానంగా తీసుకున్నాడు. మూఢం రోజుల్లో పెళ్లిళ్లు లేనప్పుడు ఆ వెనుక గదిలో తలుపు వేసుకుని సినిమాకు కోత పెట్టాడు, నేను పక్కన కూర్చుని పాజ్ మీట చూసుకునేవాణ్ని. అజాన్ భాగాన్ని మొదట తీసేశాడు. ఆ తరువాత ఎడారిలో యంత్రాల నడకను దాదాపు మొత్తంగా ఎత్తేసి, అవి రెండూ కథానాయకుడు లూక్ వాళ్ల పెరటిలో అమ్మకానికి నిలబడ్డ చోటికి తెచ్చి అతికాడు. “ఒరే అల్లుడూ, సంతకి గేదె ఎలా వచ్చిందో ఎవడికి కావాలిరా? బేరం మొదలైతే చాలు” అన్నాడు.

అంతకన్నా పెద్ద పని మాట. ఇంగ్లిష్ అర్థం కాని జనం కోసం తానే తెలుగులో వ్యాఖ్యానం చెప్పాలనుకున్నాడు. డెక్కులో ఆడియో డబ్ అని ఒక మీట ఉండేది. అది నొక్కితే బొమ్మ అలాగే ఉండి, కొత్త ధ్వని పాతదాన్ని తుడిచేస్తూ ఎక్కుతుంది. ముందుగా నాలుగైదు సార్లు చెప్పి చూసుకుని, నచ్చిన వరసను టేప్ రికార్డరులో ఆడియో కేసెట్టు మీదికి ఎక్కించుకుని, అక్కడి నుంచి వీడియోలోకి పంపాడు. జాన్ విలియమ్స్ సంగీతమంతా తుడుచుకుపోయింది. దాని స్థానంలో మామయ్య దగ్గరున్నవి పెళ్లి వీడియోలకు వాడే పాటల బాణీలే. అందుచేత మా కూర్పులో ఆఖరున రాకుమారి వీరులకు పతకాలు వేసే ఘట్టంలో సన్నాయి మేళం మోగుతుంది. ఆ ఘట్టానికి అంతకంటే తగిన సంగీతం లేదని నేను ఇప్పటికీ పందెం కడతాను.

వ్యాఖ్యానంలో పేర్లన్నీ మావే. ఒంటి నిండా జుట్టున్న చ్యూబాకా జాంబవంతుడయ్యాడు. ముసలి యోధుడు ఓబీ వాన్ బైరాగి తాత. నల్ల ముసుగు వేసుకున్న డార్త్ వేడర్‌కు పేరు పెట్టకుండా ‘వాడు’ అని మాత్రమే అనేవాడు, అలా అంటేనే పిల్లలు ఎక్కువ భయపడతారని ఆయన లెక్క. సారా దుకాణం ఘట్టం మామయ్యకు ప్రాణం. పచ్చటి ముఖం గ్రీడో వచ్చి ఓడ నడిపే హాన్ సోలో ఎదుట బల్ల దగ్గర కూర్చుంటాడు. తుపాకీ గురిపెట్టి బాకీ సంగతి ఎత్తుతాడు. సోలో తొణకకుండా మాట్లాడుతూ బల్ల కింద చేయి తన తుపాకీ మీదికి పోనిచ్చి, ఉన్నట్టుండి కాల్చి, లేచి వెళ్లిపోతూ దుకాణదారుకు ఒక నాణెం విసురుతాడు. అక్కడ మామయ్య గొంతు తగ్గించి, “అప్పులవాడు ఇంటిమీదికొచ్చాడు. మనవాడు చూశాడు, చూశాడు... ముందు మనవాడే పేల్చాడు. బాకీ చెల్లు!” అని ముగిస్తాడు. మరుసటి సంక్రాంతికి ఆ కూర్పు వేసినప్పుడు ఈ మాటకు అరుగు అరుగంతా ఈలలే.

చాలాకాలం తరువాత ఆ సినిమా తయారైన విధానం చదువుతుంటే, మామయ్య పడ్డ ఇబ్బందే ఆ చిత్ర నిర్మాణంలోనూ వచ్చిందని తెలిసింది. కథానాయకుడు ఆలస్యంగా వస్తున్నాడని మొదట్లోనే లూక్ కనబడేలా అతని స్నేహితులతో కలిపి కొన్ని ఘట్టాలు తీశారు. తీరా కూర్పు దగ్గరికి వచ్చాక, ఆ ఘట్టాలు కథ నడకను చెడగొడుతున్నాయని తీసేసి, రెండు యంత్రాలనే నమ్ముకుని ముందుకు వెళ్లారు. అసలు మొదటి ఎడిటర్ జాన్ జింప్సన్ చేసిన కూర్పు దర్శకుడు జార్జ్ లూకస్‌కు నచ్చక పక్కన పెడితే, పాల్ హిర్ష్, మార్షియా లూకస్, రిచర్డ్ చూ ముగ్గురూ కలిసి దానిని మళ్లీ మొదటినుంచి కూర్చి 1978లో ఎడిటింగ్‌కు ఆస్కార్ అందుకున్నారు. అంటే 1977 మే 25న జనం చూసిన స్టార్ వార్స్ కూడా ఒక విఫలమైన కూర్పు మీద చేసిన మరో కూర్పే. ఎడారి విషయంలో వాళ్ల తీర్పే సరైనదని నా అభిప్రాయం. మామయ్య ముందు ఈ మాట అనను.

నేను కాకినాడలో చదువుకుంటున్న రోజుల్లో, 1997లో, ఆ సినిమా ఇరవయ్యో ఏటి సందర్భంగా ప్రత్యేక కూర్పు అని మార్పులతో మళ్లీ విడుదలైంది. కంప్యూటర్‌తో చేసిన జంతువులు వీధుల నిండా చేరాయి. 1976లో మనిషి నటుడితో తీసి పక్కన పడేసిన, సోలో బాకీ పడ్డ జబ్బా ఘట్టాన్ని, ఆ నటుడి స్థానంలో కంప్యూటర్ బొమ్మను పెట్టి తిరిగి ఇరికించారు. సారా దుకాణంలో విన్న బాకీ కబురే అందులో మళ్లీ వినాలి. అన్నిటికంటే అన్యాయం గ్రీడోకు, కాదు, సోలోకు జరిగింది. కొత్త కూర్పులో ముందు గ్రీడో కాల్చి, చేయి చాచినంత దూరంలో ఉన్నవాణ్ని తప్పుతాడు. సోలో తల కంప్యూటర్‌తో పక్కకు జరిగినట్టు చూపించి, ఆ తరువాత అతను కాలుస్తాడు. అభిమానుల గోల ఇంతా అంతా కాదు. 2004 డీవీడీలో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చినట్టు మార్చారు. 2019లో మరోసారి చేయి పెట్టి, గ్రీడో చేత ‘మాక్లంకీ’ అనే వింత మాట ఒకటి పలికించారు. లూకస్ సినిమా లూకస్ ఇష్టం అనుకోవచ్చు గాని, మార్చని 1977 రూపం బజారులో దొరక్కుండా చేయడం నాకు మింగుడు పడలేదు. 2006లో ఒకసారి అదనపు డిస్కుగా ఇచ్చారు, అదీ 1993 లేజర్ డిస్కు కోసం చేసిన పాత నకలు నుంచే. ఇంకా విచిత్రమేమిటంటే, 1988లో పాత నలుపు తెలుపు చిత్రాలకు రంగులు పూయడం వంటి మార్పులను నిరసిస్తూ అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి మాట్లాడినవారిలో లూకస్ కూడా ఉన్నాడు.

అభిమానుల కత్తెర రెండు రకాలుగా నడిచిందని చెప్పాలి. ఒకటి సినిమాను బాగు చేద్దామనే కత్తెర. కథలో మొదటి భాగంగా 1999లో వచ్చిన ‘ఫాంటమ్ మెనేస్’ చాలామందికి నచ్చకపోతే, మైక్ జె. నికల్స్ అనే ఎడిటర్ దానిలో జార్ జార్ అనే హాస్య పాత్ర అల్లరినీ అనవసరమైన వివరణలనూ తగ్గించి, సుమారు 18 నిమిషాల నిడివి తగ్గించి, ‘ఫాంటమ్ ఎడిట్’ అని 2001 నాటికి వీడియో టేపుల మీద జనంలోకి పంపాడు. ఆ టేపులకు నకళ్లు అమ్ముడుపోవడం మొదలయ్యాక లూకస్‌ఫిల్మ్ అభ్యంతరం చెప్పింది. అందుకే ఈ పని చేసేవాళ్లలో మర్యాద తెలిసినవాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు: అసలు డిస్కు డబ్బు పెట్టి కొన్నవారే ఈ కూర్పు చూడాలి, దీనిపై ఎవరూ ఒక్క రూపాయి కూడా సంపాదించకూడదు. ఫాంటమ్ ఎడిట్ చూశాను, చురుకుగా ఉంది. కానీ నచ్చని పాత్రను కోసేయడంలో పెద్ద గొప్పతనం ఉందని అనుకోను. మా ఆపరేటర్లు పాటలు ఎత్తేసినంత తేలిక అది.

నా గౌరవమంతా రెండవ రకానికి. హార్మీ అన్న పేరుతో ప్రసిద్ధుడైన ఒక చెక్ యువకుడు 2010ల తొలి ఏళ్లలో, మార్పులన్నిటినీ వెనక్కి తిప్పి 1977 సినిమాను తిరిగి నిలబెట్టడానికి పూనుకున్నాడు. మార్పు చేరని భాగాలకు బ్లూ-రే బొమ్మ వాడుకుని, మార్పు చేరిన ప్రతిచోటా పాత డిస్కుల నుంచీ పాత ఫిల్ము నకళ్ల నుంచీ ముక్కలు తెచ్చి, వేరువేరు చోట్ల దొరికిన ఆ ముక్కల రంగూ గరుకుదనమూ ఒకదానికొకటి కలిసేలా సరిచేశాడు. ఇక 2018లో 4కె77 అనే కూర్పు తెచ్చిన అభిమానులు ఆ కుట్టుపనే అక్కర్లేదని, 1977లో హాళ్లలో ఆడిన 35 ఎంఎం టెక్నికలర్ ప్రింటునే స్కాన్ చేసి శుభ్రం చేశారు. టెక్నికలర్ ప్రింటు కావడం అదృష్టం. ఆ కాలపు మామూలు ప్రింట్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడిపోతాయి. రంగులను అచ్చు వేసినట్టు ఫిల్ము మీదికి ఎక్కించే టెక్నికలర్ ప్రింట్లు మాత్రం అంతగా వెలిసిపోవు. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన దగ్గర భద్రపరిచిన అటువంటి 1977 ప్రింటునే ప్రేక్షకుల ముందు ఆడించింది.

మా వీడియో టేపు 1996 నవంబరు తుపానుకు పోయింది. ఆ రాత్రి స్టూడియో పైకప్పు లేచిపోతే, వెనుక గదిలోని పెళ్లిళ్లతోపాటు స్టార్ వార్స్ కూడా నానిపోయింది. వ్యాఖ్యానం చెప్పుకున్న ఆడియో కేసెట్టు మాత్రం అత్తయ్య పాటల కేసెట్ల పెట్టెలో కలిసిపోయి బతికింది. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మామయ్య మనవడు ఈ మధ్య దానిని బయటికి తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తాతయ్య గొంతును మళ్లీ ఆ సినిమాకు కలపాలని వాడి పట్టుదల.

మొదట వాడు బజారులో దొరికే డిస్కుతో ప్రయత్నించి విసిగిపోయి నాకు ఫోను చేశాడు. ధ్వని ఎప్పటికప్పుడు ముందుకు పరిగెత్తుతోందట. పాల్ టీవీ సంగతి చెప్పి, నాలుగు పాళ్లు నెమ్మది చేయమన్నాను. ఆ తిప్పలు తీరాక సారా దుకాణం దగ్గర బండి ఆగింది. “ముందు మనవాడే పేల్చాడు” అని తాతయ్య చెబుతుంటే తెర మీద ఇద్దరూ దాదాపు ఒకేసారి కాలుస్తున్నారు. ఆ తరువాత జబ్బా ఘట్టం వచ్చేసరికి తాతయ్య మాటలు తరువాతి ఘట్టానికి వెళ్లిపోయి, ఓడ ఎగిరిపోతోందని చెబుతున్నాయి గాని తెర మీద ఓడ కదలదు. అభిమానులు పునరుద్ధరించిన కూర్పు గురించి అప్పుడు వాడికి చెప్పాను. దానితో పెడితే, “బాకీ చెల్లు” అన్న మాటా నాణెం పడ్డ క్షణమూ కలిశాయి.

మిగిలింది ఎడారి. మామయ్య గొంతులో ఆ భాగానికి మాటే లేదు. మనవడు ఆ కాసేపు అసలు ధ్వనినే ఉంచి, యంత్రాల నడక అంతా చూపించి, బేరం దగ్గర తాతయ్యను మళ్లీ అందుకుంటానన్నాడు. నాకు అది బాగుందనిపించింది. మామయ్య ఒప్పుకోలేదు. “కోత లేనిదాంట్లో నా గొంతు పెట్టొద్దు. అది నా సినిమా కాదు” అని మంచం మీద నుంచే తేల్చేశాడు. పోనీ రెండు రకాలూ చేస్తాను తాతయ్యా, ఎవరికి నచ్చింది వాళ్లు చూస్తారు అని మనవడు బతిమాలితే, రెండవ రకం బయటికి వెళ్లడానికి వీల్లేదన్నాడు. జార్జ్ లూకస్ కూడా సరిగ్గా ఇదే అన్నాడని నేను చెబితే, “మరి? తీసినవాడికి తెలీదా?” అని నన్నే ఎదురడిగాడు. మనవడు ఇప్పుడు ఎడారి తీసేసి పని చేస్తున్నాడు. అతుకు దగ్గర ఆ రంగుల చారలు కూడా పెట్టాలా వద్దా అన్నది వాళ్లిద్దరి మధ్యా ఇంకా తేలలేదు.